జేబులో ఫ్యూజు

మిల్లులో వైర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషిని పట్టుకుని, మాడిపోయిన సాకెట్ మార్చడానికి ఇంకెవరినైనా పిలుద్దామంటే ఊరుకుంటాడా? "నేను చచ్చాననుకున్నావా?" అని ఇంతెత్తున లేచాడు. ఆ మాటకి భార్య మనసు కీడు శంకించింది. పోయినవారం పాలకని వెళ్ళి, ఇంటికి ఏ సందులోకి తిరగాలో తోచక నిలబడిపోయాడాయన. ఆ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు.

వసారాలో బోర్డుకి రెండు ఫ్యూజులు. ఒకటి వీళ్ళది, రెండోది గోడకవతల మరిది వాటాది. పని మొదలుపెట్టేముందు ఆయన ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు, ఎవరూ మళ్ళీ పెట్టకుండా. బోర్డు దగ్గర ఆవిడ కాపలా. "నా ప్రాణం నీకప్పగిస్తున్నా, దాన్ని ముట్టుకున్నావో!" అని ఎప్పుడూ అదే వేళాకోళం. ఇన్నేళ్ళలో ఆవిడ దానిమీద వేలు పెట్టి ఎరగదు.

ఆవేళా బోర్డువైపు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని గుండీ కుడుతోంది. "టెస్టరు వెలగట్లేదులే, భయం లేదు" అని లోపల్నుంచి ఆయన గొంతు. ఆ గోడమీద పట్టపగటి ఎండ పడుతుంది. అంత వెలుతురులో ఆ చిన్న దీపం ఆయన కళ్ళకి ఆనదని ఆవిడకి తట్టలేదు.

ఇంతలో అవతలి వాటాలోంచి తోడికోడలు కేకేసింది.

"అక్కా! మాకు కరెంటు పోయింది. మీకుందా?"

సూది వేలిలో దిగబడింది.

"ఏమండీ! ఆగండి!"

మిల్లు మోత ఆయన చెవుల్ని ఏనాడో తినేసింది. లోపలికి పరిగెత్తేలోపే ఏమైనా అయితే? బోర్డుకి మిగిలిన ఫ్యూజుని పట్టుకుని, కళ్ళు మూసుకుని పీకేసింది. అది గుప్పిట్లో పెట్టుకునే గదిలోకి పడుతూ లేస్తూ వెళ్ళింది.

ఆయన గోడముందు చతికిలబడి, తీగ కొసని రెండు వేళ్ళతో తాపీగా మెలిపెడుతున్నాడు.

"ఏమే, ఆ మొహమేమిటి?"

ఆవిడ గుప్పిట తెరిచింది. ఆయన దాన్ని చూశాడు. జేబులోది తీసి చూశాడు. ఏదో ఒక వేళాకోళమాడతాడని ఆవిడ ఎదురుచూసింది.

"మనది ఏ పక్కది?" అన్నాడు.

"కుడి పక్కదండీ."

"కుడి పక్కది" అని మెల్లిగా తనలో తను చెప్పుకున్నాడు. ఆ బోర్డు బిగించింది ఆయనే.

"ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వండి. రేపు ఎవరినైనా పిలుద్దాం."

పోట్లాడతాడనుకుంది. పోట్లాడాలని కోరుకుంది కూడా. ఆయన మారుమాట లేకుండా ఇచ్చేశాడు. అసలు భయం ఆవిడకి అప్పుడేసింది.