పన్నెండు గాట్ల గరిటె

నిన్న నెల్లూరు కంటి ఆసుపత్రిలో ఒక అమ్మాయి నా చేతిలో టోకెన్ చీటీ పెట్టి, గోడమీద ఎర్రగా వెలిగే నంబరు చూసుకుంటూ ఉండమంది. ఆ నంబరు కనపడేటట్టయితే నేను అక్కడికెందుకు వెళతాను? చీటీ మడిచి సంచీలో వేసుకోబోతే, అందులో ఎప్పుడూ ఉండే చెక్క గరిటె చేతికి తగిలింది. నాకు నవ్వొచ్చింది. పక్కనున్నావిడ కాస్త జరిగి కూర్చుంది.

తొంభైల్లో మా అవ్వను శుక్లం ఆపరేషనుకు ఉదయగిరి నుంచి ఆత్మకూరు తీసుకెళ్ళింది నేనే. టీచరు ట్రైనింగు అయిపోయి ఉద్యోగం రాని రోజులు కాబట్టి ఇంట్లో ఎవరు మంచాన పడ్డా తోడు నేనే. అవ్వ చెక్క గరిటెలు, దువ్వెనలు చెక్కేది. చూపు మసకబారాక గరిటెలు తడుముకుంటూ చెక్కగలిగేది గానీ దువ్వెన పళ్ళు కొయ్యడం మానుకోవాల్సి వచ్చింది. ఆ దిగులుతో అన్నం కూడా సరిగా తినేది కాదు. తీరా వెళితే ఆ చిన్న ఆసుపత్రిలో పది మంచాలూ నిండిపోయి, వరండాలో చాపలమీద అవ్వతో కలిపి పదకొండు మంది తేలారు. బయటినుంచి వచ్చే డాక్టరు శనివారం దాకానే ఉంటాడు. ఆ తర్వాత మళ్ళీ నెలకే.

నర్సమ్మ నంబర్లు రాసి చీటీలిచ్చింది. చదువొచ్చినవాళ్ళకు చూపు లేదు, కాస్త చూపున్నవాళ్ళకు చదువు లేదు. నేను చదివి పెడతానంటే, మా అవ్వను ముందుకు తోస్తానని ఎవరూ చీటీ నా చేతికివ్వలేదు. మంచం ఖాళీ అయి ఒకటో నంబరని పిలిస్తే ముగ్గురు లేచారు. వాళ్ళలో వింజమూరు పెద్దాయన గొంతే పెద్దది. అవ్వకు విసుగొచ్చి సంచీలోంచి సగం చెక్కిన గరిటెలు, చాకు తీసింది. ఎవరెవరు ఏ బస్సుకు దిగారో అడిగింది. ఆ వయసువాళ్ళు మాత్రలు మరిచిపోతారు గానీ బస్సు మరిచిపోరు. వరికుంటపాడు నుంచి ముందుగా వచ్చినామె గరిటె కాడకు ఒక గాటు, తర్వాతామెకు రెండు, అలా ఎవరి వంతు వాళ్ళు బొటనవేలితో తడుముకుని చెప్పుకునేటట్టు కోసి ఇచ్చింది. పెద్దాయన టీ అంగట్లో కబుర్లు చెబుతూ ఆలస్యంగా వచ్చాడని తేలి, పది గాట్లు పడ్డాయి. మేం దిగింది రెండో బస్సుకే అయినా తనకు పదకొండు కోసుకుంది. నేను మండిపడ్డాను.

"వడ్డించేది ముందు తింటే బంతి లేచిపోతాదిమే," అంది అవ్వ.

ఇక ఆ వరండా పెళ్ళివారి విడిది అయిపోయింది. ఒకరి ఊరగాయ ఇంకొకరి అన్నంలోకి, ఒకరి కోడలిమీద చాడీలు అందరి చెవుల్లోకి. గరిటె బరువు తక్కువని పెద్దాయన రోజూ అవ్వతో పోట్లాడేవాడు. శుక్రవారం గోళ్ళు తీసుకోవాలని ఆమె చాకే అడిగి తీసుకున్నాడు.

శనివారానికి మిగిలింది ఆయనా అవ్వా. ఖాళీ అయింది ఒక్క మంచం. నాకు ఏడుపు ఆగలేదు. నర్సమ్మ పదో గరిటె ఎవరిదని పిలిస్తే ఎవరూ లేవలేదు. తనది పన్నెండని పెద్దాయన తాపీగా చెప్పాడు. అవ్వ ఆ గరిటె లాక్కుని తడిమింది.

"ఈ చివరి రెండూ నా చేతివి కావు."

"కళ్ళు కనపడని దానివి, నీకెట్లా తెలస్తాది? పోయి పండుకో. నేను వచ్చే నెల వస్తాను."

అవ్వ ఆయన గరిటె నా సంచీలో వేసి, నా భుజం పట్టుకుని మంచం వైపు నడిచింది.

కట్టు విప్పిన రోజు అవ్వ ముందుగా ఆ గరిటె అడిగి, వెలుతురుకు పెట్టి చూసి, కొత్త కన్ను నీళ్ళు పెట్టుకోకూడదని నర్సమ్మ అరుస్తున్నా వినకుండా కన్నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "వాడి దుంపతెగ, ఎంత వంకరగా కోసినాడో చూడు," అంది. మరుసటి నెల ఆయన మొదటి బస్సుకే దిగి మొదటి మంచం పట్టాడని తెలిసి, తన చేత్తో పళ్ళు కోసిన దువ్వెన వింజమూరు బస్సు కండక్టరుతో పంపింది. ఆయనకు నున్నటి బట్టతలని నేనెంత చెప్పినా దువ్వెనే పంపింది.

అవ్వా లేదు, ఆయనా లేడు. నిన్న నా నంబరు పిలిచేదాకా ఆ గరిటె కాడ తడుముతూ కూర్చున్నాను. అవ్వ తీరుగా కోసిన పది గాట్లూ ఇన్నేళ్ళు అవ్వ వంటలోనూ నా సంచీలోనూ అరిగి నున్నబడ్డాయి. ఆయన వంకరగా, లోతుగా కోసిన రెండూ మాత్రం కాలానికి లొంగక ఇంకా నా బొటనవేలికి తగులుతున్నాయి.