బ్యాండు మోగని పెళ్ళి

రేపల్లెలో మేం అద్దెకున్న ఇంటి పిన్నిగారు పోయారని పొద్దున్నే పక్కింటికి ఫోనొచ్చింది. వెళ్ళి విన్నాను. తిరిగొచ్చి పొయ్యి మీద పాలు పెట్టాను. "ఏంటి ఫోను?" అని మావారు అడిగితే చెప్పాను. చెబుతున్నప్పుడూ నాకేమీ అనిపించలేదు. మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకెళ్ళిపోతారన్నారు కనుక తెనాలిలో దొరికిన మొదటి బస్సెక్కాను.

ఎనభైల్లో, పెళ్ళయిన కొత్తలో, వాళ్ళింటి వెనక వాటాలో ఉండేవాళ్ళం. నేను మిషన్ స్కూల్లో టీచర్ని. మాది లూథరన్ కుటుంబం, వాళ్ళు ముస్లింలు. పిన్నిగారికి భర్త లేరు, ఒక్కతే కూతురు. ఇల్లు తనదే అయినా మా గుమ్మం దగ్గర చిన్నగా దగ్గి, "రండి పిన్నిగారూ" అని నేననేదాకా బయటే నిలబడేవారు. ఫకీరు వస్తే రొట్టె అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాచేవారు. అతను పైనుంచి తీసుకునేవాడు.

"అలా ఎందుకండీ?" అనడిగానొకసారి.

"తీసుకునేవాళ్ళ చెయ్యే పైనుండాలమ్మా. మా పీరుగారు నేర్పారు."

పీరుగారంటే ఆవిడ గురువు. ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని ఆవిడ అదబు అనేవారు. మర్యాదేగా అంటే నవ్వారు. "సలాం పెట్టడం మర్యాద. ఎదుటివాళ్ళకి ఎక్కడ నొప్పిగా ఉందో చూసుకుని అడుగెయ్యడం అదబు."

మా మొదటి బిడ్డ పుడుతూనే పోయింది. ఆస్పత్రి నుంచి ఉత్త చేతులతో వచ్చాను. ఆ వారంలోనే పిన్నిగారమ్మాయి పెళ్ళి. చూడ్డానికొచ్చినవాళ్ళంతా మళ్ళీ పుడతారులే అన్నారు. పిన్నిగారు ఎప్పట్లాగే గుమ్మంలో దగ్గారు. నాకు రమ్మనే ఓపిక లేదు. ఆవిడ గడప అవతలే కూర్చున్నారు, దీపాలు పెట్టేవేళ దాకా. లేచేటప్పుడు మాత్రం, "అమ్మాయీ, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నాను. చప్పుడు నీదాకా రానివ్వను," అన్నారు.

పెళ్ళిరోజు నేను గోడకేసి తిరిగి పడుకున్నాను. బాపట్ల నుంచి మగపెళ్ళివారు వచ్చారు. బ్యాండు వీధి మలుపు దాకా మోగి, ఆగింది. మళ్ళీ మొదలుపెట్టలేదు. మాటలు, గరిటెల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. అలసిపోయి ఆపేశారేమో అనుకున్నాను. తర్వాత ఎప్పుడూ అడగలేదు.

ఇన్నేళ్ళకు, పిన్నిగారిని తెల్లగుడ్డలో చుట్టి పడుకోబెట్టిన గదిలో, వాళ్ళమ్మాయి నా పక్కన కూర్చుని చెప్పింది.

"ఆ రోజు సంగతి అమ్మ మీకు చెప్పలేదు కదక్కా?"

"ఏ సంగతి?"

"బ్యాండు ఆపండని అమ్మే వీధిలోకి వెళ్ళింది. మగాళ్ళ ముందు అలా ఎప్పుడూ నిలబడి ఎరగదు. మా మామగారికి కోపమొచ్చింది. అద్దెకున్నవాళ్ళ కోసం మా పరువు తీస్తారా, వెనక్కి పోతాం అన్నారు."

"మరి?"

"వెళ్తే వెళ్ళండి బాబూ అంది. లోపల బిడ్డని పోగొట్టుకున్న తల్లుంది, ఆమె వింటుండగా మేళం వాయించి అల్లాని ఏ మొహంతో దువా అడగను అంది. చివరికి మా ఆయనే కారు దిగి, ఆపమని బ్యాండువాళ్ళకి చెప్పారు."

నికా అయితే జరిగింది గానీ అత్తవారు ఆ మాట మరిచిపోలేదట. మొదటి కాన్పుకి పుట్టింటికి పంపలేదట. పిన్నిగారు బాపట్ల వెళ్తే లోపలికి రమ్మన్నవాళ్ళు లేరట. బయట నుంచే మనవణ్ణి చూసుకుని మళ్ళీ బస్సెక్కారట.

"మీతో అనొద్దని ఒట్టేయించుకుంది. వింటే మీరు బాధపడతారని."

అప్పుడొకటి గుర్తొచ్చింది. మాకు బాబు పుట్టేదాకా ఆవిడ నా దగ్గర మనవడి ఊసే ఎత్తలేదు.

ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. అదీ నా చేతిలాగే చల్లగా ఉంది.

మగవాళ్ళు జనాజాని భుజాలకెత్తుకున్నారు. ఆడవాళ్ళం గుమ్మంలో ఆగిపోయాం. వీధి చివర రైలుగేటు వేసి ఉంది. వాళ్ళు పిన్నిగారిని దించకుండా, భుజాలు మార్చుకుంటూ నిలబడ్డారు. తెనాలి ప్యాసింజరు నెమ్మదిగా వచ్చింది. కిటికీల దగ్గర కూర్చున్నవాళ్ళు, పోయిందెవరో తెలియనివాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడిస్తూ వెళ్ళిపోయారు.