పెదనాన్న తెల్లమబ్బు మీద పసుపు

మొన్న మా మనవరాలికి పార్సిల్లో ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. గట్టి అట్ట, అట్ట మీద రంగురంగుల బొమ్మ కాగితం, ఆ కాగితం మీద మళ్లీ అద్దంలా మెరిసే పల్చటి ప్లాస్టిక్ తొడుగు, అన్నీ అంగడిలోనే అమర్చి పంపినారు. చూద్దామని నేను చెయ్యి చాచేసరికి ఆ పిల్ల ‘తొడాదీంగ అవ్వా, నూనె చెయ్యి!’ అని తమిళమూ తెలుగూ కలిపి, ముట్టుకోవద్దని ఒక కేక వేసింది. నూనె చెయ్యే, అప్పుడే అప్పళాలు వేయించి వచ్చినాను. కొంగుకు తుడుచుకొని వేలి కొసతో ఆ తొడుగు అంచు తడిమి చూస్తే, మడత ఎక్కడా వంకర పోలేదు, మిషను మడిచింది కదా, ఎట్లా పోతుంది. అయినా నా మనసు ఆ మడత దగ్గరే ఆగిపోయింది. చూలై అనే పేటలో నేను కాపురానికి వచ్చిన ఇంట్లో ఆ పని చేతులతో చేసేవాళ్లం. అందులో ఒక బొమ్మకు వేసిన తొడుగు కథ తెలిసినవాళ్లు మా ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలినాను కాబట్టి, నా ఈడువాళ్లకైనా చెప్పుకుందామని మొదలుపెట్టినాను.

నేను పుట్టింది అదే పట్నంలోని రాయపురంలో. మా నాయన హార్బరులో మూటలు మోసేవాడు. అయిదో క్లాసు దాకా చదివించి, అక్షరాలు వచ్చినాయి చాల్లే అని మానిపించినారు. అట్లాంటిదాన్ని పుస్తకాలు కుట్టే ఇంటికి కోడలినై వచ్చినాను. వీధి వైపు గదిలో మా మామ బైండింగ్ అంగడి, వెనక వంటిల్లు, రెంటికీ నడుమ ఒక గోనె పరదా. అంగడికి కావలసిన మైదా జిగురు కూడా మా పొయ్యి మీదే ఉడికేది. కొత్తలో ఒకరోజు అది ఏదో పాయసమనుకొని నేను ఏలక్కాయలు దంచుకొని వస్తే, మా ఆడబిడ్డ గోడకు ఆనుకొని నవ్వి నవ్వి కూలబడింది. ఆ నవ్వు చాలా ఏండ్లు నన్ను వదల్లేదు, ఎవరు పాయసం వండినా ఏలక్కాయలు నన్నే అడిగేవాళ్లు.

ఆ కాలంలో పుస్తకానికి అట్ట వెయ్యడమంటే బ్రౌన్ పేపరే. గట్టి అట్ట పుస్తకాల మీద తొడుక్కొని వచ్చే బొమ్మ కాగితాన్ని చాలామంది చిరిగిపోతుందని ఊడదీసి పారేసేవాళ్లు, లేదంటే బ్రౌన్ పేపరు కింద దాచేసేవాళ్లు. దాన్ని జాకెట్టు అంటారని మామ చెప్పినప్పుడు ఆడబిడ్డా నేనూ నోట్లో కొంగు కుక్కుకున్నామనుకోండి, అది వేరే సంగతి. మామకు మాత్రం ఆ బొమ్మను దాచడమంటే గిట్టేది కాదు. మనం చూడాలనే కదా ఆ మనిషి గీసింది, అనేవాడు. అందుకని సౌకార్‌పేట సందుల్లో చుట్టలుగా అమ్మే తేట ప్లాస్టిక్ షీటు తెచ్చేవాడు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మేమిద్దరం చాప పరుచుకొని కూర్చుని, బొమ్మ కాగితం కంటే కాస్త పెద్దదిగా షీటు కత్తిరించి, కాగితాన్ని దాని మీద బోర్లించి, అంచులు లోపలికి మడిచి, మడత మీద స్పూను వీపుతో రుద్ది, ప్లాస్టిక్కును ప్లాస్టిక్కుకే టేపుతో అంటించేవాళ్లం. బొమ్మ కాగితానికి టేపు తగలకూడదు, లోపలికి తడి పోకూడదు. గోడలకు కూడా చెమట పట్టే ఊరమ్మా ఇది, లోపల తడి చిక్కితే మళ్లీ బయటికి రాదు, అని మామ రోజూ చెప్పేవాడు, మేము రోజూ తల ఊపేవాళ్లం.

మా అత్తకు ఒక అన్న ఉండేవాడు. అత్తకు అన్న కాబట్టి నాకు పెదనాన్న వరస. సినిమా బ్యానర్లు గీసేవాడు. ఆయన గీసిన హీరో మీసం ఒక్కటే మా వంటింటి పొడుగు ఉండేది. అయితే ఆట మారిందంటే ఆ బ్యానరు దించేసి, దాని మీదే తెల్ల రంగు పూసి ఇంకొక ముఖం వేసేవాళ్లు. ‘నేనేసిన ముఖాలన్నీ ఒకదాని కింద ఒకటి పండుకోనుండాయి చెల్లెమ్మా’ అనేవాడు నవ్వుతా. నిలిచింది ఒకే ఒక్కటి, తెలిసినాయన ఎవరో అచ్చు వేయించుకున్న పుస్తకానికి అడిగితే వేసిచ్చిన జాకెట్టు బొమ్మ. చేపల తట్ట నెత్తిన పెట్టుకొని ఒడ్డున నడిచిపోయే మనిషి, ఆమె వెనక నీలాల నీళ్లు, పైన మూలలో ఒక తెల్లమబ్బు. ఆ మబ్బులో ఇంకే రంగూ కలపలేదని, ఉత్త తెలుపుతోనే ఎండ చూపించినానని ఆయనకు గర్వం. తనకిచ్చిన పుస్తకాలన్నీ అడిగినవాళ్లకల్లా పంచిపెట్టేసి, మిగిలిన ఒక్కటీ మాత్రం, తన ఇంటి కప్పు కారుతుందని చెల్లెలి చేతిలో పెట్టి, తొడుగు వేసి దాచమన్నాడు.

అప్పటికే ఆయన కండ్లకు పొర కమ్ముతా ఉండింది. ఎరుపుకూ కాషాయానికీ తేడా తెలీక, రంగు డబ్బా మీది పేరు పక్కవాళ్ల చేత చదివించుకునే దాకా వచ్చింది. భార్య పోయిన మనిషి, పిల్లలు లేరు, కుంచె తప్ప వేరే తోడు లేదు. ఆపరేషనుకు పొయ్యే ముందు మా ఇంట్లో కాఫీ తాగుతా ఒక మాట అన్నాడు. ‘కట్టు విప్పినాక నేరుగా ఈడికే వస్తా. నా బొమ్మ నేను చూసుకుంటా. ఏ రంగు యాడ ఏసినానో నాకు తెలుసు గదా. అన్నీ అట్లనే అగుపిస్తే మళ్లా కుంచె పడతా, లేదంటే చాలించుకుంటా.’ అత్త కొంగుతో మొహం తుడుచుకుంటా లోపలికి పోయింది.

ఇంక అసలు సంగతి. మా ఇండ్లలో కొత్త చీరైనా, కొత్త చొక్కా అయినా, కొత్త పుస్తకమైనా మూలలకు పసుపు పెట్టనిదే చేతికి తీసుకోరు. నేను ఆ బొమ్మకు షీటు కత్తిరించి, మడతలు పెట్టి సిద్ధం చేసి, మార్కెట్టుకు పోయినాను. వచ్చేలోపల అత్త దేవుడి పటం ముందర కూర్చొని, పసుపు నీళ్లతో కలుపుకొని, అన్న బొమ్మకు నాలుగు మూలలా నిండుగా వేలితో అద్ది, ఆరిందా లేదా చూడకుండా తొడుగులోకి దూర్చి, టేపు వేసి, పుస్తకానికి తొడిగి, బీరువాలో తన పట్టుచీరల నడుమ పెట్టేసింది. తమిళవాళ్ల అయిప్పసి నెల వానలు అప్పుడే మొదలైనాయి. మేమెవరం మళ్లీ దాన్ని తీసి చూడలేదు.

ఆపరేషను బాగానే జరిగింది, ఇంక కొన్నాళ్లలో కట్టు విప్పుతారు అని కబురు వచ్చిన పొద్దున అత్త బీరువా తెరిచింది. ఆ అరుపుకు మామ చేతిలోని సూది జారి కింద పడింది. మూడు మూలల్లో పసుపు కరిగి వేళ్లు చాచుకొని పాకింది, ప్లాస్టిక్కు కాగితానికి అతుక్కుపోయింది. మబ్బు ఉన్న నాలుగో మూలలో, అక్కడే మొదట పెట్టినట్టుంది, కాస్త ఆరి పాకలేదు గానీ, చిక్కటి పసుపు చుక్క నిలబడిపోయింది.

‘తడి తగలకూడదని నేను గోడకా చెప్పింది?’ అన్నాడు మామ.

‘మా అన్న బొమ్మకు దిష్టి తగలకూడదని పెట్టినా’ అంది అత్త.

‘దిష్టి తగల్లేదులేమ్మా, నీ చెయ్యే తగిలింది’ అంది ఆడబిడ్డ. ఇంకో రోజైతే అత్త దానికి బదులు చెప్పి ఉండేది. ఆ రోజు మాత్రం కింద కూర్చొని ఏడ్చింది. తెల్లమబ్బు పచ్చగా అగుపిస్తే తన కండ్లే పోయినాయనుకుంటాడు, మళ్లీ కుంచె ముట్టడు, అని. జరిగింది చెప్పేస్తే పోతుంది కదా అని మామ మెత్తగానే అన్నాడు. చెప్తే నమ్ముతాడా, నన్ను ఓదార్చేదానికి అబద్ధం ఆడుతా ఉండావు అంటాడు, నాకు తెలీదా మా అన్న, అని అత్త ఇంకా ఏడ్చింది.

ఏడుపు ఆగినాక పని మొదలుపెట్టినాం. ముందు ఆ కాగితాన్ని తొడుగుతో సహా బట్టలో చుట్టి బియ్యం డబ్బాలో పూడ్చినాం, తడి లాగేస్తుందని. తర్వాత నేను పూలు కట్టే సన్నదారం తీసుకొని, ప్లాస్టిక్కుకూ కాగితానికీ నడుమ కొంచెం కొంచెంగా జరుపుకుంటా పోయినాను. మామ పక్కనే వంగి కాగితం అంచు పట్టుకున్నాడు, అత్త దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచింది. ఎట్లనో ఊడి వచ్చింది, చిరగలేదు. ఇంక మిగిలింది పసుపు. పసుపు మరక ఎండకు పోతుందని బట్టలుతికే ఆడవాళ్లందరికీ తెలిసిందే, కానీ పసుపును తినే ఎండ పెదనాన్న నీలాన్ని వదిలిపెడుతుందా? అప్పుడు మామ అంగడిలోని నల్ల అట్ట ఒకటి తెచ్చి, మూలల దగ్గర మాత్రం మరకంత మేర కత్తిరించి, బొమ్మ మీద కప్పినాడు. ఆ ముసుగుతో దాన్ని మొట్టమాడి మీదికి, అదే ఇంటి పైకప్పు మీదికి, తీసుకుపోయినాం.

వానకారులో ఎండ అంటే ఎంత, మబ్బు పక్కకు జరిగినప్పుడు ఒక గుక్కెడు. దాని కోసం అత్తా, ఆడబిడ్డా, నేనూ పైనే కాపురం పెట్టినాం. గాలికి ఎగరకుండా అంచుల మీద చేతులు, చినుకు పడితే కప్పేదానికి గొడుగు, కాకులను తరిమేదానికి అత్త నోరు. పక్కింటి మేడ మీది ఆమె, ఏం వడియాలు అక్కా అంత కాపలా కాస్తా ఉండారు, అని అడిగితే, ‘మా అన్న మబ్బును ఎండబెడతా ఉండాం’ అంది అత్త. ఆమెకు ఏమర్థమైందో గానీ సాయంత్రం ఇంటికి వచ్చి, అత్తకు ఒళ్లు బాగుందా అని నన్ను గుట్టుగా అడిగి పోయింది.

మూడు మూలలూ తెల్లబడినాయి. మబ్బు మూల మాత్రం పలచబడింది గానీ పూర్తిగా పోలేదు, అంతలోనే వాన మళ్లీ పట్టుకుంది. కొత్త తొడుగు వేసి పెట్టినాం. ఈసారి అత్త తనంతట తనే చేతులు వెనక్కు కట్టుకొని నిలబడింది.

పెదనాన్న సోడాబుడ్డి కండ్లద్దాలతో వచ్చినాడు. కాఫీ కూడా వద్దని, కిటికీ దగ్గర కూర్చొని బొమ్మను ఒడిలో పెట్టుకున్నాడు. చేపల తట్ట చూసినాడు, నీళ్లు చూసినాడు, ముఖం వెలిగింది. మబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయినాడు. కండ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకొని మళ్లీ చూసినాడు. ‘తెలుపు తెలుపుగా అగుపించడం లేదు చెల్లెమ్మా’ అని పుస్తకం మూసేసినాడు. ఆ గొంతు నాకింకా చెవుల్లోనే ఉంది.

‘నీ కన్ను కాదన్నా, నా చెయ్యి’ అంది అత్త. అంతా చెప్పేసింది, పసుపు, పట్టుచీరలు, బియ్యం డబ్బా, అన్నీ. ఆయన తల అడ్డంగా ఊపినాడు. నేను బాధపడతానని చెప్తా ఉండావులే, అన్నాడు. అత్త అనుకున్నట్టే అయింది. అప్పుడు ఆమె పుస్తకం తెరిచి, తన చూపుడు వేలు తెచ్చి ఆ మరక పక్కన పెట్టింది. ఆయన వంగినాడు. వేలు చూసినాడు, మరక చూసినాడు, మళ్లీ వేలు చూసినాడు. ఆ పలచటి పసుపులో వేలి గీతలు సుడి తిరిగి ఉన్నాయంట, నేను ఎంత కండ్లు చిట్లించినా నాకు అగుపించలేదు. ఆయనకు అగుపించినాయి. ‘ఒసే, గీతలతో సహా ఉండావు గదే ఈడ!’ అని ఆయన నవ్విన నవ్వుకు అంగడిలో నిలబడిన మనుషులు పరదా ఎత్తి తొంగి చూసినారు. అత్త నవ్వుతా ఏడుస్తా ఆయన భుజం మీద కొడతానే ఉంది.

మరుసటి నెలలోనే ఆయన బ్యానరు పనికి పోయినాడు. ఆ తర్వాత చాలా ఏండ్లు కుంచె వదల్లేదు. ఆ మూలను ఇంక ఎండకు పెట్టొద్దని మాత్రం మాకు గట్టిగా చెప్పినాడు.

ఆయనా పోయినాడు, అత్తా మామా పోయినారు, ఆడబిడ్డ పోయిన తర్వాత ఏలక్కాయల మాట ఎత్తేవాళ్లు కూడా లేరు. రోడ్ల మీద కుంచెతో గీసిన ముఖాలు ఆగిపోయినాయి, మిషను అచ్చు వేసిన బోర్డులు వస్తాయి, పోతాయి, వాటిని ఎవరు గీసినారని ఎవరూ అడగరు. నాకు దాని మీద కోపమేమీ లేదు, పనులు సులువైనాయి, చేతులకు విశ్రాంతి దొరికింది, మంచిదే. వానకారులో ఎప్పుడైనా మబ్బు విడిచి ఎండ కాసినప్పుడు మాత్రం మోకాళ్లు పట్టుకొని మెల్లగా మొట్టమాడి ఎక్కుతాను. చుట్టూ మేడలన్నీ ఖాళీగా ఉంటాయి, ఎండ మాత్రం అప్పటిలాగే కాస్తా ఉంటుంది. ఒక్క బొమ్మ కోసం ఇంటి పనులన్నీ కింద వదిలేసి దాని చుట్టూ కూర్చునేంత తీరిక, ఒకరి కండ్ల కోసం అందరం అంతగా భయపడడం, అవి మళ్లీ ఏ ఇంట్లోనైనా ఉంటే బాగుండునని అనుకుంటా, ఆ ఎండలో కాసేపు నిలబడి దిగి వస్తాను.