బుడుంగు గొంతు

మా వదినకు యాభై దాటాయి. మోకాళ్ళ నొప్పులు, ముక్కు మీద కోపం. అయినా లోకానికి ఆవిడ ఆరేళ్ళ కప్పపిల్ల. టీవీలో వచ్చే ‘బుడుంగు’ అనే కార్టూన్‌లో, బడికి పొమ్మంటే మొరాయించే కప్పపిల్లకు పదహారేళ్ళుగా గొంతు ఆవిడదే. "నేను రానంటే రాను!" అని ఆ కప్ప అరిస్తే ఊళ్ళో పిల్లలంతా అరిచేవారు. ఇంట్లో అదే మాట మా అన్నయ్య మీద ప్రయోగించేది, అదీ ఏ పెళ్ళికో పేరంటానికో బయల్దేరే ముందు.

డబ్బింగ్ అంటే అద్దాల మేడలో కూర్చుని చేసే పని అనుకునేరు. గోడలకు స్పాంజి అంటించిన ఇరుకు గది. మైకులో చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేస్తారు. కడుపు గుర్రుమన్నా పడుతుందని వదిన పొట్టకు దిండు అదుముకునేది. రెండు బుగ్గలూ వేళ్ళతో నొక్కిపట్టి, చెమటలు కక్కుకుంటూ ఆరేళ్ళ పిల్లయిపోయేది.

చివరికి గొంతే మొండికేసింది. డాక్టరు గొట్టం పెట్టి చూసి, "ఇంకా ఈ కప్ప అరుపులు అరిస్తే మామూలు మాట కూడా మిగలదమ్మా" అన్నాడు. వదిన ఒక కొత్తమ్మాయిని తనే వెతికింది, బుగ్గలు ఎలా నొక్కాలో తనే నేర్పింది, ఇంటికొచ్చి కూర్చుంది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ తెరమీద నా పేరు పడలేదే," అంది నాతో. "నేను మానేశానని ఎవరికైనా తెలుస్తుందంటావా?" ఆవిడకున్న దిగులల్లా అదొక్కటే.

తెలిసింది. చానల్లో ప్రచారం పనులు చూసుకునే మహానుభావులు ‘సోమవారం నుంచి సరికొత్త గొంతుతో మీ బుడుంగు’ అని ఘనంగా ప్రకటించారు. సోమవారం సాయంత్రానికల్లా ఇంటర్నెట్టులో అభిమానులు దుమ్మెత్తి పోశారు. వాళ్ళకో సంఘం కూడా ఉంది, ‘బుడుంగు ప్రాణమిత్రులు’. దాని నాయకుడు గడ్డం నెరిసిన పెద్దమనిషి. నేను ఆయనకు బాల్యరక్షకుడని పేరు పెట్టాను. "నా బాల్యాన్ని గొంతు నులిమి చంపేశారు!" అని రాశాడాయన. కార్టూన్ వయసు పదహారేళ్ళు, ఆయన గడ్డం చూస్తే నలభై తక్కువుండదు. ఆ బాల్యం ఎప్పుడు గడిచిందో ఆయన్నే అడగాలి.

"ఈ పిల్లకు ఏడవడం కూడా రాదు." "రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది." "పాత గొంతులో ఒక తడి ఉండేది. అదేదీ?" ఇలా వందల కొద్దీ.

వదిన కళ్ళజోడు పెట్టుకుని అన్నీ చదువుకుంది. ముఖం వెలిగిపోయింది. "పాపం ఆ పిల్ల" అని పైకి అంటూనే ఆ పూట మారు వడ్డించుకుని తిన్నది.

మర్నాడు టీవీ పెట్టాం. బుడుంగు ఏడుస్తోంది. వదిన చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

"ఏమే, ఇది నేనే!"

నిజమే. ఈ పనిలో ఇవాళ చెప్పింది టీవీలోకి రావడానికి నెలలు పడుతుంది. వదిన చెప్పి పెట్టిన భాగాలు ఇంకా బోలెడున్నాయి. ప్రచారం వాళ్ళకు ఆ సంగతి తెలీదు. వాళ్ళకు డబ్బింగ్ గది ఏ అంతస్తులో ఉందో కూడా తెలీదు. అంటే ఏడవడం రానిదీ, గొంతులో తడి లేనిదీ మా వదినే.

అంతలో కొత్తమ్మాయి ఫోను. "మేడమ్, నేను మానేస్తాను. నేను చెప్పిన భాగం ఒక్కటైనా రాకముందే ఇన్ని తిట్లా? మా నాన్న కూడా చదివాడు" అని వెక్కివెక్కి ఏడ్చింది. వదిన చానల్ మేనేజరుకు ఫోన్ చేసి, నిజం చెప్పమని అడిగింది. "గొడవ బాగుంది మేడమ్, చూసేవాళ్ళు పెరిగారు. ఉండనివ్వండి" అన్నాడా పుణ్యాత్ముడు.

దాంతో వదినే వీడియో పెట్టింది. "ఆ గొంతు నాది. ఆ తిట్లూ నావే. ఆ పిల్లను వదిలేయండి" అని బొంగురుగా చెప్పింది.

బాల్యరక్షకుడు క్షణంలో తేల్చేశాడు. "ఎవరీవిడ? చానల్ వాళ్ళు పట్టుకొచ్చిన మనిషి. బుడుంగు గొంతు వేలమందిలో ఉన్నా గుర్తుపడతాను. ఈ వయసులో అబద్ధాలాడటానికి సిగ్గుండాలి!"

నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన మాత్రం కళ్ళజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడుచుకుంది, అద్దాలు శుభ్రంగానే ఉన్నా. తర్వాత ఆ అమ్మాయికి ఫోన్ చేసి, "నువ్వు మానేశావో, నీ కాళ్ళు విరగ్గొడతా" అంది.

నెలన్నరకు వదిన భాగాలు అయిపోయాయి. కొత్తమ్మాయివి మొదలయ్యాయి. మొదటిరోజే ప్రాణమిత్రులు ఎగిరి గంతేశారు. "మన పోరాటం గెలిచింది! అసలు గొంతు తిరిగొచ్చింది! ఆ తడి విన్నారా?" బాల్యరక్షకుడు ఆనందబాష్పాలతో ఫోటో పెట్టాడు. ‘మీ కోరిక మేరకు’ అని చానల్ కూడా చంకలు గుద్దుకుంది.

అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. "మేడమ్, నిజం చెప్పేద్దామా? ఈ పొగడ్తలన్నీ మీ గొంతనుకుని చేస్తున్నవి."

"నావి కావే. ఆ గొంతు నీది," అంది వదిన. "నా తిట్లు నువ్వు తిన్నావు. నీ పొగడ్తలు నా పేరు మీద వస్తే రానీ. నోరు మూసుకుని పని చేసుకో."

ఫోను పెట్టేసేసరికి ముందు గదిలో అన్నయ్య టీవీ పెట్టాడు. "నేను రానంటే రాను!" అని కప్పపిల్ల గట్టిగా అరిచింది. ఈ గొడవేదీ పట్టని మనిషి, పేపరు మడిచి పక్కన పెట్టి మురిసిపోయాడు.

"ఏమోయ్, ఎంతైనా నీ గొంతు నీదే. ఇంకొకరికి వస్తుందా?"

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురం. వదిన నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"అవునండీ," అంది ఆ మిగిలిన బొంగురు గొంతుతో. "బాగా చెప్పింది."