వినపడలేదని చెప్పాను

ఆరేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. అది అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు బయటపడేది, నలుగురూ నాలుగు తిట్టేవాళ్లు, అంతటితో పోయేది. నేను చెప్పింది నిజం కాబట్టి ఎవరూ నన్ను రెండోసారి అడగలేదు. "నీకేమైనా వినపడిందా?" అన్నారు. "వినపడలేదు" అన్నాను. ఆ ఒక్క మాటతో ఒక మనిషి పని పోయింది. పని ఒక్కటే పోయిందని చాలాకాలం అనుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర లేదు. మనుషుల పేర్లు మార్చి రాస్తున్నాను. ఊళ్లు మాత్రం మార్చలేదు.

అప్పట్లో నేను గాలిమరల రెక్కలు మోసే బండ్ల దగ్గర సూపర్వైజరుని. కుందుర్పి వైపు గుట్టల మీద తెల్లగా తిరుగుతుండే గాలిమరలకు ఒక్కో రెక్క ఒక వీధంత పొడవుంటుంది. దాన్ని ట్రైలరు మీద పడుకోబెట్టి, హైవే దిగి, పల్లెల మధ్య నుంచి మనిషి నడిచే వేగంతో తీసుకుపోవాలి. ముందు ఒక జీపు పోతుంది. దాన్ని పైలట్ బండి అంటాం. మలుపు వచ్చిందంటే జీపు మలుపు అవతలికి పోయి ఆగుతుంది. ఎదురొచ్చే వాహనాలను, మనుషులను, గొడ్లను ఆపుతుంది. దారి ఖాళీ అయ్యాక జీపులోని మనిషి రేడియోలో "రావొచ్చు" అంటాడు. ఆ మాట వినపడేదాకా ట్రైలరు కదలకూడదు. రెక్క తోక బండి వెనక చాలా దూరం బయటికి ఉంటుంది. బండి ఎడమకు తిరిగితే ఆ తోక కుడివైపున రోడ్డు దాటి పొలం గట్టు మీదుగా ఊడ్చుకుంటూ పోతుంది. డ్రైవరుకు అది కనపడదు.

పైలట్ జీపు నడిపేవాడు ఓబులేసు. నల్లమాడ వైపు మనిషి. నలభై దాటినవాడు. మాతో చేరకముందు బళ్లారి గనుల్లో టిప్పరు నడిపాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే మాత్రం మొహం మీదే చెప్పేవాడు.

బండ్లకు ఏ రేడియోలు కొనాలో తేల్చే పని నాకు అప్పగించారు. ముందున్నవి రెండే దారులు. ఒకటి సీబీ సెట్టు. స్టీరింగు పక్కన బిగించాలి, బండి బ్యాటరీ నుంచే కరెంటు తీసుకుంటుంది, కప్పు మీద పొడుగాటి యాంటెన్నా నిలబెట్టాలి. రెండోది చేతిలో పట్టుకుని, బటను నొక్కి మాట్లాడే వాకీటాకీ. లైసెన్సు గొడవ లేని చిన్న రకం. రెండూ తెప్పించి మా యార్డులో పరీక్ష పెట్టాను. సీబీ గరగరమంది. వాకీటాకీలో గొంతు ఫోనులో ఉన్నంత స్పష్టంగా వచ్చింది.

ఓబులేసు పక్కనే నిలబడి చూశాడు. "బండికి బిగించేది పెట్టుకుందామన్నా. గరగరమంటాది గానీ గుట్ట అడ్డమొచ్చినా మాట వస్తాది. ఈ చేతిలోది ఇనుప క్యాబిన్లో కూర్చుంటే మూగదైపోతాది" అన్నాడు.

ఆఫీసుకు నేను రాసి పంపిన కారణాలు ఇంకా గుర్తున్నాయి. బాడుగ బండ్లు కాబట్టి కప్పుకు రంధ్రాలు వేయడానికి ఓనర్లు ఒప్పుకోరు. వారానికో బండి మారుతుంది. వాకీటాకీ అయితే సాయంత్రం తీసుకెళ్లి చార్జింగు పెట్టుకోవచ్చు. అన్నీ సరైన కారణాలే. ఏ సారు చదివినా తల ఊపుతాడు. రాయనిది ఒకటుంది. యార్డులో ఆ సెట్టును నడుముకు తగిలించుకుని అటూ ఇటూ నడిచినప్పుడు నాకు బాగా అనిపించింది. కుందుర్పిలో టీ తాగడానికి ఆగితే, హోటలాయన నా నడుముకేసి చూసి కుర్చీ తుడిచి మరీ వేశాడు. అంతకుముందు ఎన్నిసార్లు పోలేదు నేను ఆ హోటలుకు? నవ్వొస్తుంది కదూ? నాకూ వస్తుంది. కానీ కారణం అదే. ఎంత గాలించినా దాని కింద ఇంకో కారణం దొరకలేదు.

వాకీటాకీలే వచ్చాయి.

మా దారిలో మూడో మలుపు దగ్గర ఒక గుట్ట ఉంది. రోడ్డు దాన్ని చుట్టుకుని ఎడమకు తిరుగుతుంది. అక్కడ ఓబులేసు మాట ట్రైలరు క్యాబిన్లోకి రావడం లేదని రెండో ప్రయాణంలోనే తెలిసింది. పావుగంట ఎదురుచూసేవాళ్లం. చివరికి అతనే నడిచి వచ్చి చెయ్యి ఊపేవాడు.

నేను పరీక్ష చేశాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఒక పొద్దున అతన్ని గుట్ట అవతల నిలబెట్టి, బ్యాటరీ చూడాలి, ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టు అన్నాను. నేను రోడ్డు మీద నిలబడి పదకొండు దాకా విన్నాను. క్యాబిన్ ఎక్కి తలుపు వేసుకుని, అద్దాలు ఎక్కించాను. ఏమీ లేదు. గరగర కూడా లేదు. మళ్లీ కిందికి దిగేసరికి అతను అరవై మూడులో ఉన్నాడు. "బ్యాటరీ బాగుందప్పా" అన్నాను. అతను పాపం వంద దాకా చెప్పే ఆపాడు.

అంటే నాకు తెలుసు. మలుపు దగ్గర నేను కిందికి దిగి నిలబడితే సరిపోయేది. ఎందుకు దిగలేదు? మే నెల ఎండ, లోపల ఏసీ, బయట దుమ్ము. అదొకటి. దిగి నిలబడ్డానంటే సెట్టు పనిచేయడం లేదని అందరికీ తెలిసిపోతుంది. ఏరికోరి తెప్పించింది నేనే కదా. రెండింట్లో ఏది పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేను.

దిగడానికి బదులు పద్ధతి మార్చాను. "రావొచ్చు" అనేదాకా ఆగడం వల్ల ఆలస్యమవుతోంది, ఇకమీదట "ఆపండి" అంటేనే ఆగుదాం, రెండు నిమిషాల్లో ఏ మాటా రాకపోతే దారి ఖాళీగా ఉన్నట్టే లెక్క అన్నాను. కాగితం మీద పెట్టలేదు, నోటితో చెప్పాను. డ్రైవర్లకు పని తొందరగా అవుతుందని సంతోషమే. ఓబులేసు ఒక్కడే ఒప్పుకోలేదు. మాట రాకుంటే బండి కదలకూడదు, యాడైనా అదే పద్ధతి అన్నాడు. నువ్వు డ్రైవరువా, సూపర్వైజరువా అని అడిగాను. అతను మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ పద్ధతి మీద పది పదిహేను రెక్కలు క్షేమంగా పోయాయి. ఇక నాకు నా తెలివి మీద నమ్మకం కుదిరింది.

ఆ రోజు పొద్దున పదిన్నర, పదకొండు మధ్య. నేను ట్రైలరులో డ్రైవరు తిరుపాలు పక్కన కూర్చున్నాను, సెట్టు చేతిలో ఉంది. ఓబులేసు మలుపు దాటిపోయాడు. రెండు నిమిషాలు గడిచాయి. "మాట రాలేదన్నా" అన్నాడు తిరుపాలు. "రాలేదంటే ఖాళీగా ఉన్నట్టే, పోనీ" అన్నాను. పోనిచ్చాడు.

జీపుకూ ట్రైలరుకూ మధ్య, గుట్ట మీది నుంచి ఒకాయన గొర్రెలను రోడ్డు మీదికి దింపుతున్నాడు. గంగప్ప అనుకోండి. బండి తల కనపడగానే మందనంతా కుడివైపు అంచుకు తోలాడు. బండికి దారి ఇచ్చానని అనుకున్నాడు. ఎవరైనా అట్లాగే అనుకుంటారు. ముందు చక్రాలు ఎడమకు తిరిగాయి, వెనక తోక కుడికి వచ్చింది. ఆయన వీపు ఇటువైపు ఉంది. నడుము కింద తగిలి గట్టు కిందికి పడిపోయాడు. బతికాడు. తుంటి ఎముక సరిగా అతకలేదు. చేతికర్ర లేకుండా మళ్లీ నడవలేదు, గొర్రెల వెనక మళ్లీ పోలేదు.

మూడు రోజుల తర్వాత ఆఫీసు నుంచి ఒక సారు యార్డుకు వచ్చాడు. ఓబులేసు చెప్పింది ఒకటే మాట. గొర్రెలు దిగడం చూశాను, ఆపమని అరిచాను, అరుస్తూనే ఉన్నాను. సారు నావైపు తిరిగి ఆ ప్రశ్న అడిగాడు. నా జవాబు మీకు తెలుసు. తిరుపాలు కూడా అదే చెప్పాడు, వాడికి నిజంగానే అంతకుమించి తెలియదు. మరి సెట్టు పనిచేయలేదేమో అన్నాడు సారు. చూపిస్తాను సార్ అన్నాను. యార్డు ఈ చివర నేను, ఆ చివర సారు. మధ్యలో ఒక ముళ్లచెట్టు కూడా అడ్డం లేదు. నా గొంతు ఆయన చేతిలో ఖంగుమని మోగింది.

"క్యాబిన్లో కూర్చోని చూడన్నా ఒకసారి" అన్నాడు ఓబులేసు. సారుతో కాదు, నాతో అన్నాడు. మెల్లగానే అన్నాడు. నేను వినపడనట్టు సెట్టును నడుముకు తగిలించుకున్నాను.

పైలట్ పని మాట మీద నడిచే పని. మాట ఇవ్వలేదన్న పేరు పడ్డవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? ఫోనులో మాట్లాడుకుంటూ కూర్చున్నాడంట అని మొదలైంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను కాదు. నేను కాదనలేదు కూడా. చుట్టుపక్కల ఏ కంపెనీ అతనికి బండి ఇవ్వలేదు. రెండు నెలల తర్వాత నేనే మా బండ్లన్నిటికీ సీబీ సెట్లు బిగించాలని ఆఫీసుకు రాశాను. కప్పుకు రంధ్రం వేయకుండా క్లాంపుతో పెట్టే యాంటెన్నాలు వస్తాయని కూడా రాశాను. అవి నేను మొదటిసారి రాసినప్పుడూ దొరికేవే. మంచి ఆలోచన అని మెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఐదేళ్లు బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను. లోలోపల కుమిలిపోయానని రాస్తే మీకు నచ్చుతుందేమో. అట్లా ఏమీ జరగలేదు. అప్పుడప్పుడు గుర్తొచ్చేది, పక్కకు తోసేవాణ్ణి.

పోయిన ఏడాది రాయదుర్గం బస్టాండులో ఓబులేసు కనపడ్డాడు. నేను చూడనట్టు తిరిగేలోపే దగ్గరికొచ్చాడు. చిక్కిపోయాడు. వేళ్ల కొసలు నీలంగా ఉన్నాయి.

"బాగుండావా అన్నా?"

"ఉండానప్పా. ఏం చేస్తాండావు?"

"ఈడ్నే, జీన్స్ ప్యాంట్లకు దారాలు కత్తిరిస్తాండా. నీడలో పని. బాగుండాది." కాసేపు బస్సుల వైపు చూశాడు. "ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు."

"అడుగు."

"ఆ పొద్దు నేను సెట్టు బటను నొక్కినానంటావా?"

నేను జేబులో చిల్లర వెతుక్కున్నాను.

"అప్పుడు నొక్కినాననే చెప్పినా అందరికీ. నొక్కినాననే అనుకున్న్యా. రోజూ అదే తలుచుకుంటాంటే ఇప్పుడు నాకే తెలీకుండా పోయిందన్నా. కంగారులో బటను నొక్కకుండా ఉత్త నోటితో అరిచినానేమో. నువ్వు బండిలో ఉన్నోనివి. నీకు వినపడలేదంటే నేను నొక్కలేదనే కదా?"

"అయిపోయిన మాట, వదిలేయప్పా" అన్నాను.

"వదిలేసినాలే. మొన్న ఆ గొర్లాయన కాడికి పోయి కాళ్లు పట్టుకోనొచ్చినా. తప్పు నాదేనయ్యా అని చెప్పినా. ఆయప్ప కూచోబెట్టి మజ్జిగ ఇచ్చినాడు."

అంతలో నా బస్సొచ్చింది. ఎక్కి కూర్చున్నాను. కిటికీలోంచి అతను చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను.

పని పోయినవాడు ఇంకో పని చూసుకుంటాడని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అతను చూసుకున్నాడు కూడా. కానీ తాను చేసిన పని తాను చేశాననే నమ్మకం కూడా అతని దగ్గర లేకుండా చేశాను. చెయ్యని తప్పుకు ఒకరి కాళ్లు పట్టుకున్నాడు. ఆ కాళ్లు నేను పట్టుకోవాల్సినవి. అది తెలిసీ బస్సెక్కాను. అప్పటినుంచి సరిగా నిద్ర లేదు. సిగ్గుగా ఉంది. ఆరేళ్ల కిందటి దానికంటే ఆ బస్సెక్కినందుకే ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఒక సంగతి చివరిదాకా రాయకుండా ఆపాను. ఇక్కడ కూడా దాటేయగలనేమోనని చూశాను. కుదరలేదు.

ఆ రోజు మలుపు దగ్గర బండి ఆగాక తలుపు తీసుకుని కిందికి దూకాను. సెట్టు నా చేతిలోనే ఉంది. కాళ్లు నేలకు ఆనగానే అందులోంచి ఓబులేసు గొంతు వచ్చింది. "ఆపండన్నా, మనిషుండాడు, ఆపండన్నా, మనిషుండాడు." స్పష్టంగా, ఫోనులో ఉన్నట్టే. గంగప్ప అప్పటికే గట్టు కింద పడి ఉన్నాడు. గుట్ట అవతల ఉన్నవాడికి ఆ సంగతి తెలియదు, ఇంకా అరుస్తున్నాడు. నాలుగైదుసార్లు విన్నాను. తిరుపాలు తన వైపు తలుపు తీస్తున్న చప్పుడైంది. సెట్టు మీది గుండ్రటి మీట తిప్పి కట్టేశాను.

సారు అడిగింది బండి కదలకముందు సంగతి. కాబట్టి నేను చెప్పింది నిజమే. ఆరేళ్లు ఆ నిజాన్ని పట్టుకుని బతికాను.

ఇది రాశాక ఒంట్లో కొంచెం తేలిగ్గా ఉంది. దాచను. కానీ ఆ తేలిక నాకొక్కడికే. పేరు మార్చి రాశాను కాబట్టి, ఇది అతని కంటపడినా తన గురించేనని తెలుసుకుంటాడో లేదో. రాయదుర్గానికి రోజుకు ఎన్నో బస్సులున్నాయి. నేనింకా ఎక్కలేదు. ఎక్కుతానని మీకు మాటిచ్చేంత ధైర్యం లేదు. ఆ బస్టాండులో అనాల్సిన మాటను ఇక్కడ రాసి పెడుతున్నాను.

నొక్కినావప్పా. నువ్వు బటను నొక్కినావు. నేను విన్నాను.