ముక్కుపిన్ని పెట్టిన పరీక్ష

వీధి వీధంతా ఆమెను ముక్కుపిన్ని అనేవారు. కోపం ముక్కు మీదే ఉంటుందని కొంత, ఆ ముక్కుకి తెలియని సంగతి లేదని మరికొంత. లాండ్రీలో పనిచేసిన రోజుల్లో చీటీ ఊడిపోయిన చొక్కా చేతికొస్తే ఒక్కసారి వాసన చూసి, "ఇది రొట్టెల కొట్టాయనది, ఇది మెకానిక్ అబ్బాయిది" అని తేల్చేసేది. పక్కింట్లో గ్యాసు లీకైతే ఆ ఇంటివాళ్ళకంటే ముందు పిన్నికే తెలిసేది. ఎవరి పొయ్యి మీద ఏం మాడుతోందో గోడ ఇవతల నుంచే చెప్పి, మాడబెట్టిన ఇల్లాలి చేత తిట్లు తినేది.

పని మానేశాక ఆ ముక్కుకి పెరడు మిగిలింది. వంటింటి కిటికీ కింద నుంచి ప్రహరీ దాకా క్యాబేజీలు, ముల్లంగి, క్యారెట్లు. కోతకొచ్చినవాటిని తరిగి, ఉప్పు పట్టించి, నీరూరాక పింగాణీ జాడీలో అదిమి, పైన పళ్ళెం బోర్లించి, దాని మీద కడిగిన నున్నటి రాయి పెట్టేది. ముక్కలు ఆ ఉప్పునీళ్ళలో మునిగి ఉన్నంతకాలం మెల్లగా పులుస్తాయి. పైకి తేలాయా, కుళ్ళుతాయి. ఏ జాడీ తయారైందో, ఏది దారి తప్పుతోందో పిన్ని వాసనతోనే చెప్పేది. మూత తీసే హక్కు ఇంకెవరికీ లేదు. కాపురానికొచ్చిన కొత్తలో కోడలు మూత మీద చెయ్యి వేసినందుకు ఒంటికాలి మీద లేచింది. "నీకసలు ముక్కుందా? లేక మొహానికి అందంగా ఉంటుందని పెట్టుకున్నావా?" అని అందరి ముందూ అడిగేసింది. ఆ తర్వాత కోడలు జాడీల వైపు చూస్తే ఒట్టు.

అలాంటి పిన్నికి చలికాలంలో జలుబు చేసింది. అది పోతూ పోతూ వాసనని కూడా వెంటబెట్టుకుపోయింది. మొదట సబ్బు వాసన తెలియలేదు. కంపెనీవాళ్ళు కల్తీ చేస్తున్నారని సబ్బుని తిట్టింది. తర్వాత కాఫీని తిట్టింది. చివరికి ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి గాని వాసన రాలేదు. నాలుకకి కూడా ఉప్పూ పులుపూ తప్ప ఇంకేమీ తెలియడం లేదు. చలి తగ్గేసరికి మనవరాలు పుట్టింది. ఇంటిల్లిపాదీ ఆ సంబరంలో ఉంటే, పిన్ని ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వాసన తెలియని ముక్కుపిన్నిని వీధి ఏమని పిలుస్తుంది? అది అలా ఉంచితే, ఇంట్లో తనదంటూ మిగిలిన పని ఈ జాడీలొక్కటే. అవీ పోతే కుర్చీలో కూర్చోబెట్టి, టీవీ పెట్టి, "నువ్వు రెస్టు తీసుకోమ్మా" అంటాడు కొడుకు. బస్సు డ్రైవరు, మంచివాడు. ఆ మంచితనమంటేనే ఆమెకు భయం.

ఆ ఏడు క్యాబేజీ విరగకాసింది. పంటంతా ఒకే పెద్ద జాడీలోకి ఎక్కింది. వాసన తెలియకుండా దాన్ని కనిపెట్టుకుని ఉండటం ఎలా? పిన్ని ఒక ఎత్తు వేసింది.

"అమ్మాయ్, ఇలా రా. ఎన్నాళ్ళని అన్నీ నేనే చూస్తాను? ఇవాళ్టి నుంచి నీకు నేర్పుతా. వాసన చూసి చెప్పు. తప్పు చెబితే ఊరుకోను."

కోడలు చంటిపిల్లను భుజాన వేసుకుని వచ్చి, భయపడుతూనే వంగింది. "పచ్చి ఆకు వాసన, అత్తయ్యా."

"ఊఁ, పరవాలేదు," అంది పిన్ని, తనకు ముందే తెలిసినట్టు.

రోజూ అదే పరీక్ష. ఆకు వాసన పోయి పులుపు తగులుతోందని కోడలు చెప్పిననాడు పిన్నికి ప్రాణం లేచొచ్చింది. అయితే పరీక్ష పెట్టే మనిషి ఎప్పుడూ మెచ్చుకుంటూ కూర్చుంటే అనుమానం రాదూ? అందుకని మధ్యమధ్య "అబ్బే, సరిగ్గా చూడు," అని గద్దించేది. కోడలు బిక్కమొహం వేసుకుని మళ్ళీ వంగి, ఇంకో మాట చెప్పేది. "ఇప్పుడు దారికొచ్చావ్," అనేది పిన్ని. ఏది దారో ఆమెకే తెలియదు.

ఒకరోజు కోడలు మూత తీసి, వంగి, చప్పున వెనక్కి జరిగింది. అత్తగారి మొహంలోకి చూసింది.

"చెప్పవేం?"

"నిన్నటిలాగే ఉంది, అత్తయ్యా. బాగుంది."

"నేనూ అదే అనుకున్నా. ఫస్టు క్లాసు!" పిన్ని జాడీ మీదకి వంగి, అలవాటు కొద్దీ గుండెల నిండా గాలి పీల్చి, తృప్తిగా నవ్వింది.

కోడలు నవ్వలేదు. "అత్తయ్యా, మీకు నిజంగా బాగుందా?"

"ఏం, నా ముక్కునే అడుగుతున్నావా?"

"అది కాదు... నేను అబద్ధం చెప్పాను. కంపు కొడుతోంది. తలుపు దగ్గరికే వస్తోంది. కంపని నేను చెబితే మళ్ళీ తప్పంటారని, ఆ మాట మీరే అంటారు కదా అని ఊరుకున్నాను. మీరేమో నవ్వారు." గొంతు తగ్గించింది. "మీకు వాసన తెలియట్లేదు కదూ?"

పిన్నికి రావాల్సిన కోపం రాలేదు. తన పరీక్షే కోడలి నోరు నొక్కేసిందని తెలిసి సిగ్గేసింది.

"జలుబు చేసినప్పటి నుంచి," అంది జాడీ వైపు చూస్తూ.

కోడలు భుజాన ఉన్న పిల్లను లోపల పడుకోబెట్టి, ఒక గిన్నె పట్టుకొచ్చింది. జాడీలో రాయి జారి, పళ్ళెం ఒరిగి, ఒక పక్క ఆకు నీళ్ళ పైకి తేలి నల్లబడి ఉంది. పిన్ని జిగురుపట్టిన పై పొర తీసి గిన్నెలో వేసింది.

"ఇప్పుడు?"

"కంపే."

ఇంకో పొర తీసింది. "ఇప్పుడు?"

"తగ్గింది గానీ ఉంది."

మరికాస్త తీసింది. ఈసారి కోడలు చాలాసేపు వంగే ఉంది. పిన్ని గద్దించలేదు.

"ఇక్కణ్ణుంచి బాగుంది, అత్తయ్యా. పుల్లగా, శుభ్రంగా ఉంది."

పిన్ని ఒక ముక్క నోట్లో వేసుకుంది. కరకరలాడింది. పులుపు తెలిసింది. మిగతాది కోడలి మాట మీద నమ్మింది. అంచులు తుడిచి, తగ్గినంత ఉప్పునీళ్ళు పోసి, రాయి కుదురుగా పెట్టింది.

"ఇకమీదట మూత నువ్వే తియ్యి," అంది.

లోపల పిల్ల లేచి ఏడ్చింది. కోడలు ఎత్తుకొచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది. పిన్ని వంగి ఆ మెత్తటి తలకి ముక్కు ఆనించింది. పిల్ల పుట్టినప్పటి నుంచి ఎవరూ చూడకుండా రోజూ చేస్తున్న పనే అది.

"అమ్మాయ్," అంది తల ఎత్తకుండానే. "దీని తల ఎలాంటి వాసనొస్తుంది?"

కోడలు వంగింది. జాడీ దగ్గరి కంటే ఎక్కువసేపే వాసన చూసింది.

"పాల వాసన, అత్తయ్యా. ఇంకా... ఎండకి ఆరిన బట్టల వాసన."

ఆ వాసన పిన్నికి తెలుసు. లాండ్రీ మేడ మీద ఏళ్ళ తరబడి పీల్చిందే. కళ్ళు మూసుకుని, పిల్లను గుండెకు హత్తుకుని, దాన్ని గుర్తు చేసుకుంటూ కూర్చుంది.