ఆ పేరా ఫిలోమినాది

నిన్న పొద్దున కాలేజీకి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. నా స్టూడెంట్.

"మేడమ్, ఫిలోమినా మేడమ్ పోయారంట. హార్ట్ ఎటాక్ అంట. మీకు తెలిసే ఉంటాది కదా."

తెలియదు.

మంచం మీద కూలబడ్డాను. కాసేపటికి నాకొచ్చిన మొదటి ఆలోచన చెప్తాను, తిట్టుకుంటే తిట్టుకోండి.

నాకంటే ముందు నా స్టూడెంట్‌కి ఎలా తెలిసింది?

ఫిలో విషయంలో నా బుద్ధి ఎప్పుడూ ఇంతే.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఇక్కడే వైజాగ్‌లో, ఒకే గైడ్ దగ్గర ఇద్దరం పీహెచ్‌డీ చేశాం. ఇద్దరిదీ కొరియా రాజకీయాలే. నాది ఉత్తర కొరియాతో దక్షిణ కొరియా జరిపిన చర్చల మీద. తనది దక్షిణ కొరియా, జపాన్ సంబంధాల మీద.

మా నాన్న తణుకు నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చిన మనిషి. వాళ్ళ నాన్న పోర్టులో సరుకులెత్తే వించ్ డ్రైవర్, ఇల్లు జ్ఞానాపురం.

నేను కొరియన్ గ్రామర్ పుస్తకం కొని, అట్ట వేసి, రోజూ బట్టీ పట్టేదాన్ని. తను పార్క్ మేడమ్‌ని పట్టుకుంది. ఆవిడ ఇక్కడ పనిచేసే ఓ కొరియన్ ఇంజినీర్ భార్య. ఫిలో ఆవిడకి చేపల బేరం నేర్పాలి, ఆవిడ ఫిలోకి భాష నేర్పాలి.

ఒక శనివారం నన్నూ ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళింది. మూడు రోజులు ప్రాక్టీస్ చేసిన వాక్యం ఒకటి ఆవిడ ముందు అప్పజెప్పాను. పార్క్ మేడమ్ నవ్వి, ఇంగ్లీషులో "వెరీ గుడ్" అంది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఒకటే మాటలు. మధ్యలో చేపలావిడ విసుక్కుంది.

"ఈయమ్మ ఏటంతందో బేగి సెప్పమ్మా. నా కానాగంతలు ఎండకి పాడైపోతన్నాయి."

నేనూ చేపలావిడ వైపే. ఐస్ కరిగిపోతోంది, త్వరగా కానివ్వండని గోల చేశాను.

వారం తర్వాత ఫిలో చెప్పింది. పార్క్ మేడమ్ వాళ్ళ నానమ్మది ఉత్తరాన ఏదో రేవు ఊరట. యుద్ధంలో చెల్లెల్ని అక్కడ వదిలేసి వచ్చి, చచ్చిపోయేదాకా మళ్ళీ చూడలేదట. ఆ కానాగంత చేపల్ని చూస్తే నానమ్మ గుర్తొస్తుందని ఆవిడ ఏడ్చిందట.

ఆ శనివారం నా థీసిస్ టాపిక్ నా పక్కనే నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. నేను ఐస్ గురించి గొడవ పడుతున్నాను.

ఇది తెలిసిన రాత్రి అన్నం సహించలేదు. జాలితో అనుకునేరు. కుళ్ళుతో.

ఇక అసలు విషయం. ఇది రాయడానికే కూర్చున్నాను.

నా థీసిస్‌లో అన్నిటికంటే ముఖ్యమైన చాప్టర్ ఒక దక్షిణ కొరియా ప్రెసిడెంట్ ప్రసంగం మీద ఆధారపడింది. ఆ ప్రసంగంతో ఉత్తరానికి తలుపులు పూర్తిగా మూసేశారని నా వాదన. నేను చదివింది ఇంగ్లీష్ కాపీ.

సబ్మిషన్‌కి పది రోజుల ముందు ఫిలో మా క్వార్టర్‌కి వచ్చింది. చేతిలో నాలుగు కాగితాలు, కొరియన్ ప్రసంగం, దాని కింద తన అనువాదం.

"ఒలే పద్దూ, నువ్వు సదివింది తగ్గించి రాసిన కాపీయే. కొరియన్‌లో ఇంకో పేరా ఉంది, సూడు."

ఆ పేరాలో ఉంది, మిగతా చర్చలన్నీ ఆగినా విడిపోయిన కుటుంబాలు కలుసుకోవడం మాత్రం ఆగదని. అంటే తలుపు మూయలేదు. నా చాప్టర్ మొత్తం తప్పు.

"నీ కొరియన్ చూపించుకోడానికి ఇంత దూరం వచ్చావా?" అన్నాను.

తను మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, కాగితాలు టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ కాగితాలు ముందు పెట్టుకునే చాప్టర్ మళ్ళీ రాశాను.

వైవాలో ఎగ్జామినర్ గారు ఆ ఒక్క పేరా గురించే పావుగంట మెచ్చుకున్నారు. "అందరూ ఇంగ్లీషుతో సరిపెట్టుకుంటారు. నువ్వు ఒరిజినల్ దాకా వెళ్ళావమ్మా. కొరియన్ ఎక్కడ నేర్చుకున్నావ్?"

"సొంతంగానే సార్," అన్నాను.

ఫిలో అక్కడే ఉంది. అందరికీ సమోసా ప్లేట్లు అందిస్తోంది.

ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో తనే మాట కలిపింది. "బయపడిపోయావేటే? పోన్లే."

అంతే. ఇన్నేళ్ళలో ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత ఒకే లెక్చరర్ పోస్టుకి ఇద్దరం ఇంటర్వ్యూకి వెళ్ళాం. ఆ చాప్టర్ నుంచి వచ్చిన పేపర్ చూసే నన్ను తీసుకున్నారు. తను అచ్యుతాపురంలో ఒక కొరియన్ కంపెనీలో ఇంటర్‌ప్రెటర్‌గా చేరింది.

అక్కడితో నా కడుపు చల్లబడాలి కదా. పడలేదు.

షిఫ్టులు చేసుకుంటూనే తను ఆర్టికల్స్ రాసింది. నావి ప్రమోషన్ ఫైల్లో ఉన్నాయి, తనవి జనం చదివారు. ఆదివారం చర్చి అయ్యాక నా స్టూడెంట్సే జ్ఞానాపురంలో వాళ్ళింటి మెట్ల మీద కూర్చుని పాఠం చెప్పించుకునేవారు. నాకు తెలిసి కూడా తెలియనట్టు ఉండేదాన్ని. సెమినార్లకి పిలవాల్సినవాళ్ళ లిస్ట్ నేనే వేసేదాన్ని. తన పేరు ఒక్కసారీ రాయలేదు.

ఇవాళ మధ్యాహ్నం సమాధుల తోటలో చూశాను. కంపెనీ యూనిఫాంలోనే వచ్చేశారు కొందరు. ఒక కొరియన్ మేనేజర్ పెట్టె ముందు నడుం వంచి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నా స్టూడెంట్స్ వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

నాకోసం ఇలా ఏడుస్తారా అని లెక్కేసుకుంటూ నిలబడ్డాను. మట్టి వేసేటప్పుడు కూడా.

అందుకే ఇక్కడ అందరి ముందూ రాస్తున్నాను. నా పేరు మీద మీరు చదివే ఆ చాప్టర్‌లో కొరియన్ పేరా కనిపెట్టింది ఫిలోమినా. అనువాదం చేసింది ఫిలోమినా. నాకప్పుడు ఆ ప్రసంగంలో రెండు లైన్లు కూడా సరిగ్గా చదవడం రాదు. రేపు డిపార్ట్‌మెంట్‌లో లెటర్ ఇస్తున్నాను. ఏమవుతుందో అవ్వనీ.

ఫిలో, నేనే ముందు పోయుంటే నువ్వు నా గురించి ఎంత మంచి పోస్ట్ రాసేదానివో నాకు తెలుసు. ఆ పేరా సంగతి ఒక్క ముక్క కూడా ఉండేది కాదు అందులో.

అది తల్చుకున్నా కుళ్ళుగానే ఉంది.

వెళ్ళిరా తల్లీ. నీ ప్రభువు దగ్గర హాయిగా నిద్రపో.